8 అని రాసి ఉన్న ల్యాప్‌టాప్‌లో 16 జీబీ

నా పని పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేయడం, మరకలు తీయడం, మళ్లీ అచ్చుకు పనికొచ్చేలా పుటలు కట్టడం. ఒక ఏ4 పుటను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) రంగుల్లో స్కాన్ చేస్తే దాదాపు మూడున్నర కోట్ల పిక్సెళ్లు వస్తాయి. డిస్కులో అది ఎంత చిన్న ఫైలుగా కనిపించినా, దిద్దడానికి తెరిచేసరికి ర్యామ్‌లో (పని నడుస్తున్నంతసేపు డేటా ఉండే మెమరీలో) వంద ఎంబీకి పైగా పరుచుకుని కూర్చుంటుంది. మరకలు తీసే పొర ఒకటి, అక్షరాలను ముదురు చేసే పొర ఇంకొకటి వేస్తే మూడింతలవుతుంది. చేసిన మార్పును వెనక్కి తీసుకోవడానికి సాఫ్ట్‌వేర్ దాచుకునే పాత దశలు వీటికి అదనం. పక్కన బ్రౌజర్‌లో నిఘంటువులు, ఇంకో పక్క పుటలు కట్టే సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంటే మధ్యాహ్న భోజనం వేళకే 8 జీబీ నిండిపోతుంది.

నా యంత్రం 2011 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్220. దాని కీబోర్డు నా వేళ్లకు అలవాటైపోయింది, వదిలే ఉద్దేశం లేదు. అది వచ్చిన నాటి లెనోవో పత్రాల్లో దీని గరిష్ఠ మెమరీ 8 జీబీ. నాది 16 జీబీతో నడుస్తోంది. ఇందులో మాయ లేదు, మదర్‌బోర్డు మీద టంకం పని అంతకన్నా లేదు. కొనేముందు ఒక గంట చదువుకుంటే, బిగించడానికి పది నిమిషాలు చాలు. ఆ గంటలో ఏం చదవాలన్నదే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. స్క్రూలు విప్పడం ఎవరైనా చేస్తారు.

ఆ అంకె ఎవరిది?

గరిష్ఠ మెమరీకి మూడు లెక్కలున్నాయి. ఒకటి ల్యాప్‌టాప్ కంపెనీ చెప్పేది. రెండోది ప్రాసెసర్ తయారుచేసిన కంపెనీ చెప్పేది. మూడోది ఎక్కడా రాసి ఉండదు. మీ ప్రాసెసర్, మదర్‌బోర్డు, బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) కలిసి నిజంగా ఒప్పుకునేది అది. ఈ మూడూ ఒకటే కావాలన్న నియమమేమీ లేదు.

ల్యాప్‌టాప్ కంపెనీ వేసే అంకె ఆ మోడల్ బయటికొచ్చే నాటికి దొరుకుతున్న ర్యామ్‌తో వాళ్లు పరీక్షించి చూసినంత. 2011 మొదట్లో ల్యాప్‌టాప్‌కు సరిపోయే 8 జీబీ స్టిక్కులు (ర్యామ్ చిప్పులున్న చిన్న పలకలు) అరుదు, దొరికినా బాగా ఖరీదు. రెండు స్లాట్లలో 4 జీబీవి రెండు పెట్టి చూశారు, 8 అని రాశారు. ఆ తర్వాత పెద్ద స్టిక్కులు వచ్చాయి కదా అని పాత మోడల్ పత్రాన్ని తిరగరాసే తీరిక ఎవరికుంటుంది? లెనోవో అయితే చాలా మోడళ్ల కింద చిన్న అక్షరాల్లో ఆ మాట ఒప్పుకుంటుంది కూడా: ఈ గరిష్ఠం మేం పరీక్షించినంత వరకే, మున్ముందు ఇంతకన్నా ఎక్కువ పట్టవచ్చు అని. ఆ చిన్న అక్షరాలను ఎవరూ చదవరు.

ఎక్స్220లో చాలావాటిలో ఉండేది ఐ5-2520ఎం ప్రాసెసర్. దాని గురించి ఇంటెల్ సొంత పత్రంలో గరిష్ఠం 16 జీబీ అని ఉంటుంది. ఆ తరం ప్రాసెసర్లలో ర్యామ్‌ను నడిపించే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది కాబట్టి ఈ విషయంలో ల్యాప్‌టాప్ కంపెనీ మాట కన్నా ఇంటెల్ మాటకే బరువు ఎక్కువ.

కొన్నిచోట్ల ఆ అంకెకు ఇంజినీరింగుతో సంబంధమే ఉండదు. నెట్‌బుక్‌లు గుర్తున్నాయా, పది అంగుళాల తెరతో వచ్చేవి? వాటిలో చాలావరకు 1 జీబీతోనే అమ్మారు. విండోస్‌ను చవక ధరకు ఇవ్వడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతుల్లో ర్యామ్ హద్దు కూడా ఒకటి. లోపలున్న ఆటమ్ ఎన్450 ప్రాసెసర్ మాత్రం 2 జీబీని నిక్షేపంగా తీసుకునేది.

ప్రాసెసర్ కంపెనీ అంకె కూడా శిలాశాసనం కాదు. ఎనిమిదో తరం ఐ5-8250యూకి ఇంటెల్ రాసింది 32 జీబీ. అది ఉన్న థింక్‌ప్యాడ్ టీ480లో 32 జీబీ స్టిక్కులు రెండు పెట్టి 64 జీబీతో వాడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ప్రాసెసర్ వచ్చిన 2017లో ల్యాప్‌టాప్ సైజులో అంత పెద్ద స్టిక్కు మామూలు మార్కెట్లో లేదు, అందుకే ఆ అంకె. తొమ్మిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకైతే ఇంటెల్ తానే 64ను 128గా మార్చుకుంది.

ఇదంతా విని ఏ యంత్రానికైనా రెట్టింపు పడుతుందని అనుకోవద్దు. కొన్ని హద్దులు రాతివే. 2006 ప్రాంతంలో వచ్చిన ఇంటెల్ 945 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్పులు) ఉన్న ల్యాప్‌టాప్‌లలో 4 జీబీ పెట్టినా వాడుకోవడానికి మిగిలేది 3 జీబీ చిల్లరే. ఆ చిప్‌సెట్‌కు ఉన్న చిరునామాలే 4 జీబీకి సరిపడా. అందులో పైభాగాన్ని గ్రాఫిక్స్, ఇతర భాగాలు ఆక్రమిస్తాయి. కప్పబడిన ర్యామ్‌ను ఇంకో చోట చూపించే ఏర్పాటు దానిలో లేదు. 64 బిట్ల విండోస్ వేసినా, బయోస్ మార్చినా ఆ మిగతా భాగం తిరిగి రాదు.

నల్ల చిప్పులు లెక్కపెట్టండి

చాలామంది సలహాదారులు దాటేసే విషయం ఇది. డబ్బు వృథా అయ్యేది కూడా ఇక్కడే.

ర్యామ్ స్టిక్కు మీద నల్లటి చిన్న చిప్పులు ఉంటాయి. 8 జీబీ స్టిక్కును రెండు రకాలుగా తయారుచేయవచ్చు. పదహారు చిప్పులు, ఒక్కొక్కటి 4 గిగాబిట్లు అన్నది ఒక పద్ధతి. ఎనిమిది చిప్పులు, ఒక్కొక్కటి 8 గిగాబిట్లు అన్నది ఇంకో పద్ధతి. మొత్తం రెండింటిలోనూ అంతే. మెమరీ కంట్రోలర్‌కు మాత్రం ఈ రెండూ వేరువేరు. ప్రతి చిప్పు లోపలా గళ్లు వరుసలుగా, నిలువులుగా ఉంటాయి. ఎన్ని వరుసలను, ఎన్ని నిలువులను పిలవాలో కంట్రోలర్‌కు తెలియాలి. ఇంటి నంబరు రాసే కాగితం మీద రెండు గళ్లే ఉంటే నూరో ఇంటికి ఉత్తరం చేరదు. ఇక్కడా అంతే.

ఇంటెల్‌లో రెండు (నా ఎక్స్220 ఇదే), మూడు, నాలుగో తరాల ప్రాసెసర్లు డీడీఆర్3 అనే ఆ కాలపు ర్యామ్ రకంలో 4 గిగాబిట్ల చిప్పుల వరకే తీసుకుంటాయి. 8 గిగాబిట్ల డీడీఆర్3 చిప్పులను ఒప్పుకున్నది అయిదో తరమే. అందుకే పైకి కవలల్లా ఉండే రెండు థింక్‌ప్యాడ్‌ల మధ్య ఇంత తేడా. ఎక్స్240 నాలుగో తరం, ఎక్స్250 అయిదో తరం. రెండింటికీ ర్యామ్ స్లాటు ఒక్కటే. ఎక్స్250లో 16 జీబీ డీడీఆర్3ఎల్ (తక్కువ వోల్టేజి డీడీఆర్3) స్టిక్కు పెడితే నడుస్తుంది. అదే స్టిక్కు ఎక్స్240లో పెడితే నల్ల తెర తప్ప ఏమీ రాదు. 8 దగ్గర ఆగిపోవలసిందే. సెకండ్ హ్యాండ్‌లో ఈ రెండింటిలో ఏది కొనాలని ఎవరైనా అడిగితే నేను మరో మాట లేకుండా ఎక్స్250 అంటాను.

కాబట్టి రెండో, మూడో, నాలుగో తరం యంత్రానికి 8 జీబీ స్టిక్కు కొంటున్నప్పుడు చిప్పులు రెండు వైపులా ఎనిమిదేసి చొప్పున పదహారు ఉండాలి. లేబుల్ మీద అది 2ఆర్ఎక్స్8 అని కనిపిస్తుంది. 1ఆర్ఎక్స్8 అని ఉంటే ఎనిమిదే చిప్పులు. ఇది కొత్తగా తయారైంది, ధర తక్కువ, చూడ్డానికి బాగుంటుంది, మీ యంత్రానికి పనికిరాదు.

ఏ యంత్రాలకు పెంచవచ్చు

ఎక్స్220 తోబుట్టువు టీ420దీ ఇదే కథ: పత్రంలో 8, నిజంగా 16. కాకపోతే దానికి ఒక స్లాటు అడుగున, ఇంకోటి కీబోర్డు కింద ఉంటాయి కాబట్టి కీబోర్డు కూడా తీయాలి.

ఆపిల్‌వి తీసుకుంటే 2011 మ్యాక్‌బుక్ ప్రోలకు, 2012 మధ్యలో వచ్చిన, రెటినా (ఎక్కువ పిక్సెళ్ల తెర) కాని మ్యాక్‌బుక్ ప్రోలకు ఆపిల్ చెప్పింది 8 జీబీ, పట్టేది 16. 2010 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోకు కూడా 16 పడుతుంది. అందులో ఉన్నది కోర్ 2 డ్యుయో. దానిలో మాక్ ఓఎస్ 10.7.5 గానీ, ఆ తర్వాతిది గానీ ఉండాలి. రెటినా వచ్చిన తర్వాత మ్యాక్‌బుక్ ప్రోలలో ర్యామ్‌ను బోర్డుకే టంకం వేసేశారు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లకు, థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్‌లకు కూడా అంతే. వాటి గురించి ఆశ వదులుకోండి.

ఇంటెల్ 965 చిప్‌సెట్ ఉన్న థింక్‌ప్యాడ్ టీ61కు పత్రంలో 4 జీబీ, నిజంగా 8. కానీ 4 జీబీ డీడీఆర్2 స్టిక్కులు రెండు వెతికి కొనేలోపు, ఆ ఖర్చుకు ఇంకాస్త కలిపితే అంతకన్నా నయమైన పాత ల్యాప్‌టాప్ వస్తుంది. ఆ యంత్రం మీద ప్రేమ ఉంటే తప్ప చేయవద్దని నా అభిప్రాయం.

మీది వీటిలో లేకపోతే ముందు ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5 లేదా ఐ7 తర్వాత నాలుగు అంకెలుంటే వాటిలో మొదటిది తరం: 2520 అయితే రెండు, 5300 అయితే అయిదు. ఇంటెల్ వెబ్‌సైటులో ఆ ప్రాసెసర్ పేజీలో మెమరీ గరిష్ఠం, మెమరీ రకం రెండూ ఉంటాయి. ఆ అంకెను మీ యంత్రంలోని స్లాట్లకు పంచితే ఒక్కో స్లాటుకు ఎంతవరకు ఆశించవచ్చో తేలుతుంది. నాలుగో తరం వరకు మాత్రం, ఎక్స్240లో లాగా, డీడీఆర్3 స్లాటు ఒక్కటే ఉన్నా దానికి 8 జీబీ మించదు. తర్వాత మీ మోడల్ పేరుతోనే వెతికి, అంత ర్యామ్ పెట్టినవాళ్లు స్టిక్కు పార్ట్ నంబరుతో సహా చెప్పారేమో చూడండి. నంబరు లేకుండా నాకు పనిచేసింది అని మాత్రమే రాసినవాళ్ల మాట లెక్కలోకి తీసుకోకండి.

విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో డీఎంఐడీకోడ్ అనే ఆదేశం మెమరీ గరిష్ఠాన్ని చూపిస్తుంది. దాన్ని చూసి నిరాశపడనక్కర్లేదు, మురిసిపోనూ అక్కర్లేదు. అది కొలిచి చెప్పేది కాదు. బయోస్‌లో కంపెనీ రాసిపెట్టిన మాటనే చదివి వినిపిస్తుంది.

డబ్బు తీసేముందు

ముందు మీకు నిజంగా ర్యామే కావాలో లేదో తేల్చుకోండి. ఎప్పుడూ చేసే పని మొత్తం తెరిచి, విండోస్ అయితే టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ చూడండి. నిండా పని ఉన్నప్పుడు కూడా మూడో వంతు ఖాళీగా ఉంటే ర్యామ్ పెంచినా మీకు తేడా తెలియదు. లోపల ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే మొదటి ఖర్చు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్కు) మీద పెట్టండి. దీనిమీద నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. మా మరిది 4 జీబీ ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోందని ర్యామ్ కొనబోతుంటే ఆపి ఎస్ఎస్‌డీ కొనిపించాను. ఇప్పుడు దానిమీదే పిల్లల పాఠాలు, ఆఫీసు లెక్కలు సాగిపోతున్నాయి.

అదే టాస్క్ మేనేజర్ పేజీలో ఎన్ని స్లాట్లున్నాయి, ఎన్ని నిండాయి, వేగం ఎంత అన్నది కూడా ఉంటుంది. సీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వేసుకుంటే ప్రతి స్లాటులో ఉన్న స్టిక్కు తయారీదారు, పార్ట్ నంబరు, ఏ సంవత్సరం ఏ వారంలో తయారైందో కూడా చూపిస్తుంది. ఇది తర్వాత దుకాణంలో అక్కరకొస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి కూడా చూసుకోండి. 32 బిట్ల విండోస్ 4 జీబీ దాటి వాడలేదు. విండోస్ 7లో ఎడిషన్‌ను బట్టి హద్దులున్నాయి: 64 బిట్లదైనా హోమ్ బేసిక్‌కు 8 జీబీ, హోమ్ ప్రీమియంకు 16. విండోస్ 10 హోమ్‌కు 128 కాబట్టి చింత లేదు గానీ, దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఈ పాత ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. నేను ఎక్స్220లో లినక్స్ మింట్ వాడుతున్నాను. స్కాన్ చేసిన పుటలు సర్దే స్కాన్ టెయిలర్, బొమ్మలు దిద్దే గింప్ రెండూ దానిలో హాయిగా నడుస్తాయి.

బయోస్ పాతదైతే కొత్తదానికి మార్చుకోవడం మంచిది. మెమరీకి సంబంధించిన దిద్దుబాట్లు చాలావరకు అందులోనే వస్తాయి. ఈ పని చార్జర్ పెట్టి, బ్యాటరీ కూడా నిండుగా ఉన్నప్పుడే చేయాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిన యంత్రమైతే పక్కింటివాళ్లదో, స్నేహితులదో అదే మోడల్ బ్యాటరీ ఒక పూట అరువు తెచ్చుకోండి.

కొనడం

డీడీఆర్2కు 200 పిన్నులు, డీడీఆర్3కు 204, డీడీఆర్4కు 260. గాటు ఉండే చోటు కూడా మారుతుంది కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి ఎక్కదు. ఎక్కడం లేదని అదిమితే స్లాటు విరుగుతుంది.

డీడీఆర్3లో మాత్రం మెలిక ఉంది. మామూలు డీడీఆర్3కు 1.5 వోల్టులు, డీడీఆర్3ఎల్‌కు 1.35. ఎల్ రకం 1.5 దగ్గర కూడా పనిచేస్తుంది కాబట్టి ఎక్స్220 లాంటి పాత యంత్రాల్లో రెండూ నడుస్తాయి. నాలుగో తరం, అయిదో తరం యూ రకం (తక్కువ కరెంటు వాడే) ప్రాసెసర్లున్న సన్నటి యంత్రాలకు ఎల్ రకమే కావాలి. కాబట్టి ఎప్పుడూ ఎల్ రకమే అడగండి, రేపు ఇంకో యంత్రానికైనా పనికొస్తుంది.

వేగం గురించి ఎక్కువ ఆలోచించకండి. పీసీ3-10600 అంటే 1333, పీసీ3-12800 అంటే 1600. యంత్రానికి కావలసినంత గానీ, అంతకు మించి గానీ వేగం ఉంటే చాలు, మిగతాది అదే సర్దుకుంటుంది. నా దగ్గరున్న స్టిక్కు లేబుల్ మీద ఉన్నది ఇది: 8జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800ఎస్-11. మొదట పరిమాణం. తర్వాత రెండు ర్యాంకులు (చిప్పుల గుంపులు), ఒక్కసారికి ఎనిమిది బిట్లు ఇచ్చే చిప్పులు. ఎల్ అంటే తక్కువ వోల్టేజి. చివరి ఎస్ అంటే ల్యాప్‌టాప్ సైజు. 11 అన్నది స్పందించే ఆలస్యం. ఈ ఒక్క వరుస చదవడం వస్తే దుకాణంలో మిమ్మల్ని ఎవరూ బోల్తా కొట్టించలేరు.

వీలైతే ఒకే రకం రెండు కొనండి. జతగా ఉంటే రెండు దారుల్లోనూ ఒకేసారి డేటా నడుస్తుంది. ర్యామ్‌నే పంచుకునే ఇంటెల్ గ్రాఫిక్స్‌కు అది మేలు. డబ్బు సరిపోక 8 ఒకటి కొని పాత 4ను ఉంచుకున్నా తప్పులేదు. మొదటి 8 జీబీ మేర జతగా నడుస్తుంది, మిగతా 4 ఒంటరిగా నడుస్తుంది. 12 జీబీతో చాలామందికి పని గడిచిపోతుంది.

డీడీఆర్3 ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, నాకు అలవాటైన చోటు. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్ అలాంటివే. నేను వెళ్లిన దుకాణంలో అబ్బాయి నా మోడల్ పేరు వినగానే కంప్యూటర్‌లో చూసి, "మేడమ్, దీనికి ఎనిమిదే మ్యాక్స్. పదహారు ఎక్కదు" అన్నాడు. అతని తప్పేం లేదు, తెర మీద ఉన్నది చదివాడు. "ఎక్కకపోతే వెనక్కి తీసుకుంటారా?" అని అడిగాను. చెకింగ్ వారంటీ వారం ఇస్తానన్నాడు. బిల్లు మీద ఆ మాట రాయించుకున్నాను. మీరూ రాయించుకోండి. నోటిమాట వారంటీ దుకాణం మెట్లు దిగేసరికి అయిపోతుంది.

ల్యాప్‌టాప్‌ను వెంట తీసుకెళ్లడం ఇంకా మంచిది. అక్కడే బిగించి చూసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ స్టిక్కు చేతికి ఇవ్వగానే లేబుల్ అంచులు చూడండి. ఒకదానిమీద ఇంకోటి అతికించినట్టున్నా, అంచు లేచి ఉన్నా వద్దనండి. చిప్పుల మీద అక్షరాలు అన్నింటికీ ఒకే రకంగా ఉండాలి. కింద బంగారు రంగు పిన్నుల మీద లోతైన గీతలు, నల్ల మచ్చలు ఉండకూడదు. లేత మురికి ఉంటే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊదేస్తే సరిపోతుంది.

బిగించడం

విండోస్ ఉన్నవాళ్లు షట్‌డౌన్ నొక్కేటప్పుడు షిఫ్ట్ కీ పట్టుకోండి, అప్పుడే అది పూర్తిగా ఆగుతుంది. చార్జర్ తీయండి, బ్యాటరీ ఊడదీయండి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బ్యాటరీ లోపలే ఉండే టీ480 లాంటి వాటికి బయోస్‌లో కాన్ఫిగ్, పవర్ కింద అంతర్గత బ్యాటరీని ఆపే ఏర్పాటు ఉంది. మూత విప్పేముందు అది వాడాలి.

స్థిర విద్యుత్తు గురించి భయపడనక్కర్లేదు, అలాగని పట్టించుకోకుండా ఉండకూడదు. కాకినాడ ఉక్కపోతలో అది పెద్ద సమస్య కాదు. హైదరాబాద్ చలికాలంలో, ఏసీ గదిలో, పాలిస్టర్ చీర కట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే మాత్రం వేలి కొననుంచే చిన్న మెరుపు పుడుతుంది. నూలు బట్టలు కట్టుకుని, చెక్క బల్ల మీద పని పెట్టుకుని, ముందు బీరువా లాంటి పెద్ద ఇనుప వస్తువును ఒకసారి తాకండి. స్టిక్కును ఎప్పుడూ రెండు పక్క అంచుల దగ్గరే పట్టుకోవాలి.

ఎక్స్220ను బోర్లిస్తే అడుగున మెమరీ మూత ఉంటుంది. ఏ స్క్రూ దేనికో తెలిసేలా పక్కన బొమ్మ గుర్తులుంటాయి. మూత తీస్తే రెండు స్లాట్లు ఒకదానిమీద ఒకటి కనిపిస్తాయి. పాత స్టిక్కులు తీసేముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. రెండు పక్కలా ఉన్న లోహపు కొక్కేలను బొటనవేళ్లతో బయటికి నెడితే స్టిక్కు తనంతట తానే ఏటవాలుగా లేస్తుంది. అదే వాలులో బయటికి లాగండి. కొత్తది పెట్టేటప్పుడు కింది స్లాటు ముందు. గాటు కుదిరిందో లేదో చూసి, ఏటవాలుగా లోపలికి తోయండి. బంగారు పిన్నులు దాదాపు కనిపించకుండా పోయేదాకా తోయాలి. చాలామంది ఇక్కడ సగంలో ఆగి, కిందికి నొక్కేస్తారు. కొక్కేలు పడతాయి, ర్యామ్ మాత్రం అందదు. పూర్తిగా లోపలికి వెళ్లాక కిందికి నొక్కితే రెండు వైపులా టక్కుమని శబ్దం వస్తుంది.

మూత వెంటనే బిగించకండి. బ్యాటరీ పెట్టి, ఆన్ చేసి చూడండి. మొదటిసారి తెర కొంతసేపు నల్లగానే ఉండవచ్చు. కొత్త ర్యామ్‌ను బయోస్ పరిచయం చేసుకుంటోందన్నమాట. ఒక నిమిషం ఆగండి. కంగారుపడి పవర్ బటన్ నొక్కితే అది మళ్లీ మొదటికొస్తుంది. థింక్‌ప్యాడ్ గుర్తు కనిపించగానే ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్లి మొత్తం మెమరీ ఎంత చూపిస్తోందో చూడండి.

కనిపించినంత మాత్రాన అయిపోలేదు

బయోస్‌లో 16 కనిపించగానే పండగ చేసుకునేవాళ్లను చాలామందిని చూశాను. లెక్కలో కనిపించడం వేరు, ప్రతి గడిలో రాసింది రాసినట్టు తిరిగి రావడం వేరు. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను యూఎస్‌బీ మీద వేసి, ఎఫ్12 నొక్కి దానినుంచి మొదలుపెట్టండి. రాత్రి పడుకునేముందు పెడితే తెల్లారేసరికి ఫలితం ఉంటుంది. తప్పులు సున్నా ఉండాలి. ఒకటే కదా అనుకోవడానికి లేదు. నా విషయంలో ఆ ఒక్క తప్పు నూరేళ్ల నాటి పుస్తకం పుటలో ఒక గీతగా మిగిలిపోవచ్చు, ఆ గీత కాగితానిదో యంత్రానిదో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.

తప్పులు వస్తే ఒక్కో స్టిక్కును విడిగా, ఒక్కో స్లాటులో విడిగా పరీక్షించండి. తప్పు స్టిక్కు వెంట వెళ్తే దాన్ని దుకాణానికి పట్టుకెళ్లండి. స్లాటు దగ్గరే ఉండిపోతే స్లాటు శుభ్రం చేయాలి, లేదా స్లాటే పోయి ఉంటుంది. రెండూ విడివిడిగా బాగుండి, కలిపితేనే తప్పులొస్తే ఆ రెండింటికీ పొసగడం లేదన్నమాట. ఒకే తయారీ జత కోసం మార్చుకోండి.

బయోస్‌లో 16 ఉండి విండోస్‌లో తక్కువ కనిపిస్తే ముందు 32 బిట్లదేమో చూడండి. కాకపోతే ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ పేజీలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ మెమరీ దగ్గర టిక్ ఉంటే తీసేయండి. ఎప్పుడో ఎవరో వేగం పెరుగుతుందని చెబితే పెట్టిన టిక్ అది.

పరీక్ష అయ్యాక ల్యాప్‌టాప్‌ను కొన్నిసార్లు స్లీప్‌లో పెట్టి లేపండి. అరకొరగా ఒప్పుకున్న ర్యామ్ చాలాసార్లు ఇక్కడే బయటపడుతుంది. పగలంతా బాగానే ఉండి, మూత మూసి తెరిచేసరికి నల్ల తెరతో బిగుసుకుపోతుంది.

డిస్కు స్థలం కూడా ఒకసారి చూసుకోండి. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కులో దాచి యంత్రం ఆపడం) వాడే విండోస్ 10, ర్యామ్‌లో సుమారు 40 శాతం మేర డిస్కులో చోటు పట్టిపెట్టుకుంటుంది. 16 జీబీకి అది 6 జీబీ పైమాటే. చిన్న ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకు అది తెలిసివస్తుంది. లినక్స్‌లో హైబర్నేట్ కావాలంటే స్వాప్‌ను (ర్యామ్‌కు తోడుగా డిస్కులో ఉంచే చోటును) కూడా ర్యామ్‌కు తగ్గట్టు పెంచాలి. వద్దనుకుంటే ఆ ఏర్పాటును ఆపేయండి. నేను ఆపేశాను.

తీసిన పాత 4 జీబీ స్టిక్కులను వెంటనే అమ్మేయకండి. కొత్తవి వచ్చిన కవర్లోనే పెట్టి, చెకింగ్ వారంటీ గడువు దాటి ఇంకో నెల గడిచేదాకా దాచండి. ఆ తర్వాత ఒకటి అమ్ముకోవచ్చు, ఇంకొకటి ఉంచుకోండి. ఎప్పుడైనా యంత్రం తెర రాకుండా బీప్‌మంటే, బాగుందని తెలిసిన స్టిక్కు ఒకటి చేతిలో ఉంటే తప్పు ర్యామ్‌దో బోర్డుదో అయిదు నిమిషాల్లో తేలుతుంది.